పురిటింట్లో వెలిగిన కారు

అమెరికా వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధిలో ఆడవాళ్ళందరూ అడిగింది ఒకటే. "నయాగరా చూశావా?" చూడలేదండీ. నేను వెళ్ళింది మా మరదలి పురిటికి. వాళ్ళమ్మగారికి మోకాలి ఆపరేషన్ అవడంతో రాలేకపోయారు. మా అమ్మ లేదు. ఇక పెద్దదాన్ని నేనే కదా! 2023 అక్టోబరులో ఇంగువ, శొంఠి, వాము, కాయం పొడి మూటగట్టుకుని బయల్దేరాను. అక్కడున్న మూడు నెలల్లో నేను బాగా చూసిన ఊళ్ళు రెండు. ఎక్కువసేపు గడిపిన చోటు మాత్రం మా తమ్ముడి ఇంటి నేలమాళిగ.

వాళ్ళుండేది చికాగోకి పడమరగా ఉన్న అరోరా. మనవాళ్ళకి ఆ పేరు వేంకటేశ్వరస్వామి గుడి వల్ల తెలుసు. ఊరి మధ్య నుంచి ఫాక్స్ నది పారుతుంది. ఇళ్ళ కింద ఇంకో ఇల్లంత గది ఉంటుంది. బట్టలుతికే మిషను, ఇల్లు వెచ్చబెట్టే యంత్రం, బియ్యం బస్తాలు, నేను పట్టుకెళ్ళిన ఆవకాయ, అన్నీ అందులోనే. ఓ మూల పాత బల్ల. అది మా మేనల్లుడి రాజ్యం. వాడికి పదకొండేళ్ళు. తెలుగు బాగా అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం ఇంగ్లీషులో వస్తుంది.

చంటిది పుట్టిన నాలుగో రోజు. పథ్యం వంట ముగించి బట్టలు వేద్దామని కిందికి వెళితే వాడు ఓ అట్టపెట్టె ముందేసుకుని కూర్చున్నాడు. దాని మీద బొమ్మ చూసి నా గుండె ఝల్లుమంది. చక్రాలు బిగించిన శవపేటిక!

"ఇదేంట్రా నాయనా, పురిటింట్లో!"

"కారు అత్తా. డ్రాగ్యులా. టీవీలో వచ్చింది."

తర్వాత తెలుసుకున్న సంగతి ఇక్కడే చెప్పేస్తాను. అమెరికాలో 1964 నుంచి 1966 దాకా 'ది మన్‌స్టర్స్' అని ఓ నవ్వుల సీరియల్ వచ్చింది. అందులో అందరూ భూతాల్లా ఉంటారు, కానీ తామే మామూలు మనుషులమనుకుంటారు. ఇంటాయన పందెంలో కారు పోగొట్టుకుంటే, తాతగారు శవపేటికతో ఇంకో కారు తయారుచేసి పోయినదాన్ని గెలుచుకొస్తాడు. పొగగొట్టాల బదులు చర్చిల్లో వాయించే ఆర్గన్ గొట్టాలు, ముందు సమాధిరాయి, దీపాలకి పాతకాలపు లాంతర్లు. ఆ కార్లకి రూపం గీసింది టామ్ డేనియల్. కట్టించింది కాలిఫోర్నియాలోని జార్జ్ బారిస్. టీవీ బ్యాట్‌మాన్ కారు కూడా ఆయన చేయించిందే. అది 2013లో వేలంలో 46 లక్షల డాలర్లకి పోయిందంటే ఆ పిచ్చి ఎంతటిదో చూడండి. ఏఎంటీ అనే కంపెనీ ఈ కార్లని 25వ వంతుకి కుదించి, ప్లాస్టిక్ ముక్కలుగా, అతికించుకునే కిట్లుగా 1960లలోనే అమ్మింది.

ఆ రోజు ఇదంతా నాకేం తెలుసు? బల్ల మీద చిన్న సీసా కూడా ఉంది. "దీంతో లాంతర్లకి రంగేస్తే చీకట్లో గ్రీన్‌గా వెలుగుతాయి" అన్నాడు. మన దగ్గర అలా మెరిసేదాన్నంతా ఏమంటాం? బండి వెనక అంటించే స్టిక్కరు రేడియం, గోడ మీద నక్షత్రాలు రేడియం, మా నాన్నగారి వాచీ ముళ్ళు రేడియం. రేడియం ఒంటికి మంచిది కాదని ఎక్కడో చదివిన గుర్తు. శవపేటిక సంగతి పైకి అనలేక ఇది దొరికింది నాకు.

"చంటిపిల్ల ఉన్న ఇంట్లో ఈ విషాలేంటి? పురుడు వెళ్ళేదాకా తియ్యకు" అని గట్టిగా అన్నాను.

వాడు ఎదురు చెప్పలేదు. పెట్టె మూసి బల్ల కిందికి తోసేశాడు. రాత్రి పెరుగన్నం నా చేత కలిపించుకోలేదు. మర్నాడు స్కూలు నుంచి వచ్చి నేరుగా తన గదిలోకి పోయాడు. ఇంట్లో అందరం చంటిదాని చుట్టూ తిరుగుతున్నాం. వాడికంటూ ఉన్న ఆ మూలకి కూడా నేనే తాళం వేశాను. నాకు తెలిసే చేశానంటే మీరేమంటారో గాని, నిజం అదే.

మా తమ్ముడే అన్నాడు, "అక్కా, వాడు మూడు నెలలు దాచుకుని కొనుక్కున్నాడే. అది రేడియం కాదు. రేడియం సంగతి చూపిస్తాను, శనివారం వస్తావా?"

మరదలు కూడా, "వెళ్ళి రండి వదినా, ఈ పూటకి మా స్నేహితురాలు వస్తానంది" అంది. ముగ్గురం బయల్దేరాం. అరోరా నుంచి నైరుతిగా గంట ప్రయాణం, ఒటావా అనే చిన్న ఊరు. మన అరోరా దగ్గరి ఫాక్స్ నదే అక్కడికి పోయి ఇల్లినాయ్ నదిలో కలుస్తుంది. దారంతా కోతలైన మొక్కజొన్న చేలు. లింకన్, డగ్లస్ 1858లో మొదటిసారి వాదించుకున్న ఊరట. ఆ పార్కూ చూశాం, కానీ మేం వచ్చింది దానికి కాదు.

రోడ్డు పక్కన ఓ కంచు బొమ్మ. గడియారం పలక మీద నిలబడ్డ అమ్మాయి. ఒక చేతిలో కుంచె, ఇంకో చేతిలో పువ్వు. స్కూల్లో చదివే ఓ అమ్మాయి ఈ కథ తెలుసుకుని, అందరి వెంటాపడి 2011లో పెట్టించిందట. బొమ్మ చేసింది ఆ పిల్ల తండ్రే.

1920లలో ఆ ఊళ్ళో రేడియం డయల్ అనే కంపెనీ గడియారాల అంకెలకి రేడియం రంగు వేయించేది. పనిచేసేది పడుచుపిల్లలు. అంకె సన్నగా రావాలంటే కుంచె కొస కూచిగా ఉండాలి. పెదాల మధ్య పెట్టి కొస తీయమని నేర్పారు. రోజంతా అదే, నోట్లో కుంచె, మళ్ళీ రంగులో కుంచె. సూదిలోకి దారం ఎక్కించడానికి మనం కొస తడిపినట్టే అనుకోండి! ఇంటికెళ్ళాక వాళ్ళ జుట్టూ బట్టలూ చీకట్లో మెరిసేవి. సరదాకి గోళ్ళకీ వేసుకునేవారు. కొన్నేళ్ళకి పళ్ళూడాయి, దవడలు పుచ్చాయి, ఎముకలు విరిగాయి. కాథరీన్ డోనహ్యూ అనే ఇద్దరు పిల్లల తల్లి 1938లో కంపెనీ మీద సాక్ష్యం చెబుతూ కుప్పకూలింది. మర్నాడు విచారణ ఆమె ఇంట్లో, పడుకోబెట్టి జరిపారు. గెలిచింది. కంపెనీ అప్పీళ్ళకి పోతుండగానే ఆ జూలైలో చనిపోయింది.

చలిగాలి కొడుతోంది. నేను ఆ కుంచె వంకే చూస్తూ ఉండిపోయాను.

కారెక్కాక వాడే మాట్లాడాడు, రెండు రోజుల తర్వాత. "అత్తా, ఆ గర్ల్స్‌కి ఎవ్వరూ చెప్పలేదా?"

"చెప్పలేదు నాన్నా. పైగా మంచిదే అన్నారు."

కాసేపాగి, "నేను కొనేముందు సీసా మీద అంతా చదివాను. చెల్లి ఉంది కదా" అన్నాడు. నాకు మాట రాలేదు.

ఇప్పటి రంగులో ఉండేది స్ట్రాన్షియం అల్యూమినేట్ అనే పొడి. జపాన్‌లో నెమోటో కంపెనీ వాళ్ళు 1993లో కనిపెట్టారు. రేడియంలా తనంతట తాను కిరణాలు చిమ్మదు. దీపం వెలుతురు తాగి, చీకట్లో కొంచెం కొంచెంగా వదులుతుంది. అంతకుముందు వాడిన జింక్ సల్ఫైడ్ కాసేపటికే మసకబారేదట. అరోరా అనే పేరుతోనే న్యూయార్క్‌లో ఓ కిట్ల కంపెనీ ఉండేది, మా తమ్ముడి ఊరికీ దానికీ సంబంధం లేదు. వాళ్ళు 1969లో మెరిసే ముక్కలతో భూతాల బొమ్మలు అమ్మారు.

పదకొండో రోజు స్నానాలయ్యాక నేనే పెట్టె బల్ల మీదికి తీశాను. "నాకూ ఏదైనా పని చెప్పరా."

మీ పిల్లలూ ఇలాంటివి చేస్తుంటే ఇవి గుర్తుంచుకోండి. ముక్కల్ని ముందు గిన్నెలు తోమే సబ్బు నీళ్ళలో కడగాలి, లేకపోతే జిడ్డుకి రంగు నిలవదు. చట్రం నుంచి తుంచకూడదు, కత్తిరించాలి. మిగిలిన మొటిమల్ని నా గోళ్ళ ఆకురాయితో నున్నగా చేశాను. జిగురు ప్లాస్టిక్‌ని కాస్త కరిగించి అతికిస్తుంది, చాలా ఘాటు. అందుకని ఆ పని మాత్రం కారు షెడ్డులో, తలుపు తీసి, శాలువా కప్పుకుని చేశాం. ఆరేదాకా పట్టి ఉంచడానికి బట్టల క్లిప్పులు భేషుగ్గా పనికొచ్చాయి. మెరిసే రంగుకి అడుగున తెల్లరంగు ఉండాలి, నల్లటి దాని మీద వేస్తే వెలుగు సగం చస్తుంది. పల్చగా నాలుగైదు పూతలు, ఒక్కోటి ఆరాక ఇంకోటి. దాని మీద మళ్ళీ వేరే రంగు వెయ్యకూడదు.

ఆర్గన్ గొట్టాలకి బంగారు రంగు నా వంతు. ముగ్గులేసిన చెయ్యి కదా, వణకలేదు. ఒక్కసారి మాత్రం కుంచె కొస చెదిరితే అలవాటుగా నోటి దాకా తీసుకుపోయాను. వాడు టక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. తర్వాత చిత్తుగుడ్డకి రాసి కొస తీశాను.

రాస్తూ ఉంటే కబుర్లు అవే వచ్చాయి. ఆ సీరియల్లో తాత కారు చేశాడు, మన తాతయ్య ఏం చేసేవారని అడిగాడు. వాడు తాతయ్యని చూసింది రెండుసార్లే. మా నాన్న సైకిలు తనే విప్పి బిగించేవారని, పంక్చర్లకి ఎవరి దగ్గరికీ వెళ్ళేవారు కాదని చెప్పాను. రాత్రి కరెంటు పోతే ఆ వాచీ ముళ్ళు చూసి టైము చెప్పేవారని కూడా. "అది నిజం రేడియమా అత్తా?" అన్నాడు. మేం అలా పిలిచేవాళ్ళమన్నాను.

ఒక గొట్టం మీద నా బొటనవేలి ముద్ర పడింది. తుడవబోతే వద్దన్నాడు.

ఇరవైఒకటో రోజు చంటిదాన్ని ఉయ్యాల్లో వేశాం. ఆ రాత్రి కారుని దీపం కింద పావుగంట పెట్టి, స్విచ్చి ఆర్పాడు. శవపేటిక కనిపించలేదు, గొట్టాలు కనిపించలేదు. ముందు రెండు, వెనక రెండు పచ్చటి లాంతర్లు మాత్రం గాల్లో తేలుతున్నట్టున్నాయి. మరదలు బిడ్డ నెత్తుకుని మెట్ల మీద నిలబడి చూసింది. తెల్లవారుజామున నీళ్ళు కాచడానికి లేచి, ఎందుకో కిందికి వెళ్ళాను. కళ్ళు చీకటికి అలవాటయ్యేదాకా ఆగితే, ఆ బల్ల మీద ఇంకా సన్నగా, వెలుగుతూనే ఉన్నాయి.