కమాన్ల వీధిలో ముఖం కథ

చార్మినార్ నుంచి పడమటి వైపు లాడ్‌బజార్‌లోకి తిరిగితే గాజుల తళుకులు కళ్లు చెదరగొడతాయి. ఆ సందడి దాటి మహబూబ్ చౌక్ గడియార స్తంభాన్ని, చౌక్ మసీదును వెనక్కి వదిలి ఇంకాస్త ముందుకెళితే హుస్సేనీ ఆలం. ఇమామ్ హుస్సేన్ పేరిట నిలిపిన ఆలం ఈ పేటకు పేరయింది. మొహర్రం రోజుల్లో ఇక్కడి ఆషుర్‌ఖానా ముందు కాలు పెట్టే సందుండదు. మామూలు రోజుల్లో మాత్రం కబూతర్‌ఖానా దగ్గర గింజలేరుకునే పావురాలు, పైగా నవాబు ఖుర్షీద్‌జా దేవిడీ ఎత్తయిన స్తంభాలు, మహిళా డిగ్రీ కళాశాలకు వెళ్లే అమ్మాయిల గుంపులు... ఇదీ ఇక్కడి దృశ్యం.

ఈ దారిలో మరో రకం ప్రయాణికులూ కనిపిస్తారు. ఆటోల్లో జాగ్రత్తగా కూర్చుని, పక్కన తల్లినో అత్తనో పెట్టుకుని, చేతిలో స్కాన్ కవరుతో వెళ్లే గర్భిణులు. హుస్సేనీ ఆలంకు కూతవేటు దూరంలోనే ఉంది పేట్లబుర్జు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి. పాతబస్తీలోనే కాదు, చుట్టుపక్కల జిల్లాల్లోనూ ఎందరికో అదే పుట్టిల్లు.

బిడ్డ పుట్టగానే అందరూ మొదట చూసేది ముఖమే. పైపెదవి చీలి ఉంటే పురిటి గదిలో గుసగుసలు మొదలవుతాయి. "గ్రహణం నాడు బయటికొచ్చిందా?" "కత్తిపీట ముట్టుకుందా?" "సూదీ దారం పట్టిందా?" తెలుగులో ఆ చీలికకు ఉన్న పేరే గ్రహణం మొర్రి! పేరులోనే తీర్పు ఉంది. ఆ తీర్పు ఎప్పుడూ తల్లి మీదే.

ఆకాశంలో నీడ... ఆలికి నింద

ఈ భయం మనకొక్కరికే పరిమితం కాదు. సముద్రాల అవతల మెక్సికోలోని అజ్టెక్ జనం కూడా చంద్రుడిని ఏదో కొరికినట్లే బిడ్డ పెదవినీ కొరుకుతుందని నమ్మేవారు. రక్షణగా గర్భిణి దగ్గర నల్లరాతి కత్తి ఉంచేవారు. కత్తి ముట్టుకోవద్దని మనం, దగ్గర పెట్టుకోవాలని వాళ్లు!

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాల సరిగ్గా ఆ నీడ దారిలోనే ఉంది. శాస్త్రవేత్తలు టెలిస్కోపులు బిగించుకుని ఎదురుచూస్తే, నగరంలో జనం తలుపులు బిగించుకున్నారు. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం హైదరాబాద్‌లో కనిపించినప్పుడూ ఎందరో గర్భిణులు కిటికీ తెరలు దించుకుని గడిపారు.

పాతబస్తీలో ఈ నమ్మకానికి మతం అడ్డు లేదు. గ్రహణ సమయంలో ప్రత్యేక నమాజు చేయడం ముస్లింల ఆచారం. అయితే దాని వెనకున్న ఉదంతం వేరే సంగతి చెబుతుంది. క్రీ.శ. 632లో మహమ్మద్ ప్రవక్త పసికొడుకు ఇబ్రహీం కన్నుమూసిన రోజే సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ కోసమే సూర్యుడు చీకటయ్యాడని జనం అనుకున్నారు. ఎవరి చావు కోసమో, పుట్టుక కోసమో సూర్యచంద్రులకు గ్రహణం పట్టదని ప్రవక్త వారించారు. బిడ్డను పోగొట్టుకున్న తండ్రి చెప్పిన మాట అది.

కడుపులో కమాన్లు

మరి పెదవి ఎందుకు చీలుతుంది? జవాబు కోసం చార్మినార్ దగ్గరి చార్ కమాన్‌ను ఓసారి తలచుకోవాలి. కమాను కట్టేటప్పుడు రెండు వైపుల నుంచీ రాళ్లు పేర్చుకుంటూ వస్తారు. నడిమిన రెండూ కలిస్తేనే అది నిలుస్తుంది.

తల్లి కడుపులోనూ ఇలాంటి పనే జరుగుతుంది. గర్భం నిలిచాక నాలుగో వారంలో, పిండం ఇంకా బియ్యపు గింజంత కూడా లేనప్పుడు, మెడ ప్రాంతంలో వరుసగా మడతలు లేస్తాయి. వాటిని వైద్యులు పిలిచేదీ కమానులనే! మొదటి కమాను నుంచి దవడలు, చెవిలోని రెండు బుల్లి ఎముకలు వస్తాయి. మూడో చెవి ఎముకకు మూలం రెండో కమాను. కింది కమాన్ల నుంచి గొంతు, స్వరపేటిక భాగాలు తయారవుతాయి. చెవులు మొదట మెడ దగ్గర మొలిచి పైకి చేరతాయి. కళ్లు చెరో పక్కనుంచి ముందుకొస్తాయి. థైరాయిడ్ గ్రంథి నాలుక మొదట్లో పుట్టి మెడలోకి దిగుతుంది. ఆ దారి పూర్తిగా మూసుకుపోకపోతే తర్వాతెప్పుడో మెడ మధ్యలో గడ్డగా బయటపడుతుంది. నాలుక బయటపెడితే ఆ గడ్డ పైకి కదలడం దాని గుర్తు.

ఇక పెదవి సంగతి. నుదుటి వైపు నుంచి ఒక భాగం కిందికి దిగుతుంది. రెండు బుగ్గల నుంచీ రెండు భాగాలు నడిమికి జరుగుతాయి. ఆరు, ఏడు వారాల్లో ఇవి అతుక్కుంటేనే పైపెదవి. ముక్కు కింద వేలు పెట్టి చూసుకోండి... చిన్న గాడి తగులుతుంది. నుదుటి వైపు నుంచి దిగిన భాగం గుర్తు అది. ఆ గాడి అంచుల దగ్గరే అతుకు కుదరకపోతే వచ్చేది మొర్రి. నోటి పైకప్పు అంగిలి మూసుకోవడం పన్నెండో వారానికి పూర్తవుతుంది.

నెల తప్పిందని తెలిసి, నమ్మకం కుదిరి, ఆసుపత్రికి వెళ్లేసరికి చాలామందిలో పెదవి పని పూర్తయ్యో, పూర్తి కావస్తూనో ఉంటుంది. ఏడో నెలలో వచ్చిన గ్రహణం ఎప్పుడో అతుక్కున్న పెదవిని చీల్చలేదు. పైగా భూమ్మీద ఏటా కనీసం రెండు సూర్యగ్రహణాలు వస్తాయి. అవి చూసిన తల్లులందరి బిడ్డలకూ మొర్రి రావాలి కదా! ప్రపంచం మొత్తం మీద సుమారు 700 మంది పిల్లల్లో ఒకరికి ఈ చీలిక ఉంటుంది. గ్రహణం కనిపించిన దేశంలోనూ, కనిపించని దేశంలోనూ.

ఎక్కువ మందిలో ఫలానాదే కారణమని తేల్చలేరు. జన్యువులు, తల్లికి గర్భానికి ముందే ఉన్న మధుమేహం, పొగ, మూర్ఛకు వాడే కొన్ని మందులు, మేనరికాలు ముప్పును పెంచుతాయి. మూర్ఛ మందులు సొంతంగా ఆపేయడం మాత్రం ప్రమాదం. గర్భానికి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ కూడా అప్పుడే మొదలుపెట్టాలంటారు. వెన్నుపాము లోపాలను తగ్గిస్తుందని రుజువైన మాత్ర అది.

ఉగ్గుగిన్నె నుంచి ఉత్త చిరునవ్వు దాకా

ఐదో నెల స్కాన్‌లో పెదవి చీలిక చాలాసార్లు కనిపిస్తుంది. అంగిలి మాత్రమే చీలితే దొరకడం కష్టం. అంగిలి చీలిన బిడ్డ చప్పరించలేదు. పాలు ముక్కులోంచి వచ్చేస్తాయి. కొంచెం నిటారుగా పట్టుకుని, పిండిన తల్లిపాలను చెంచాతోనో, మన అమ్మమ్మల నాటి ఉగ్గుగిన్నెతోనో కొద్దికొద్దిగా పట్టాలి. మూడు నుంచి ఆరు నెలల మధ్య పెదవికి, తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య అంగిలికి ఆపరేషన్ చేస్తారు. చెవిలో చీము పట్టకుండా చూసుకోవాలి. మాట స్పష్టంగా రావడానికి శిక్షణ ఇప్పించాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టగానే గుర్తించాల్సిన లోపాల జాబితాలో మొర్రి ఉంది. 1999లో మొదలైన స్మైల్ ట్రైన్ సంస్థ మన దేశంలోనూ ఉచిత శస్త్రచికిత్సలకు సాయపడుతోంది. కావాల్సింది బిడ్డను దాచిపెట్టకుండా వేళకు తీసుకెళ్లడమే.

పేట్లబుర్జు నుంచి హుస్సేనీ ఆలం మీదుగా ఆటోలు తిరిగి వెళుతుంటాయి. ఒడిలో పొత్తిళ్లు, పక్కన పెద్దవాళ్లు. వాటిలో ఏదో ఒకదానిలో పెదవి చీలిన బిడ్డా ఉండొచ్చు. ఆ ఇంటికి చేరేటప్పుడు వెంట తీసుకెళ్లాల్సింది ఆపరేషన్ తేదీ రాసిన చీటీ. తల్లి మీద మోపిన నింద కాదు.