చవగ్గా ఇస్తే ఎవరు రారు?

మొన్న విస్సన్నపేట వెళ్ళినప్పుడు నాన్నకి టచ్‌ప్యాడ్ కథ చెప్పాను. హెచ్‌పీ వాళ్ళు 2011 జులై 1న అమెరికాలో విడుదల చేసిన టాబ్లెట్ అది. 16 జీబీది 499 డాలర్లు. అదే ధరకి ఐప్యాడ్ దొరుకుతుంటే, యాప్‌లు కూడా పెద్దగా లేని దీన్నెవరు కొంటారు? ఆగస్టు 18న, అంటే 49వ రోజున, ఇక చెయ్యమని చెప్పేశారు. మిగిలిన సరుకు 99 డాలర్లకి పెడితే జనం ఎగబడ్డారు. చాలక ఇంకో విడత తయారు చేశారు కూడా!

"చూశావా నాన్నా, గిరాకీ ఉంది, ధర దగ్గరే తప్పు చేశారు" అన్నాను, పెద్ద తెలిసినట్టు.

"గాలివానకి కాయ రాలిన రోజు మన తోటకి ఊరంతా సంచులేసుకుని వచ్చారు, గుర్తుందా? అదీ గిరాకీయేనా? ఆ డబ్బులు మళ్ళీ ఏడు మందు కొట్టడానికొచ్చాయా?" అన్నారు.

రాలేదు. ఆ పైయేడే తోట కౌలుకిచ్చేశాం. హెచ్‌పీ కూడా 2013లో వెబ్‌ఓఎస్‌ని ఎల్‌జీకి అమ్మేసింది.

ఇప్పుడు మా ఆఫీసు మీటింగుల్లో "ఆఫర్ పెట్టగానే యూజర్లు ఎంత పెరిగారో చూడండి" అని ఎవరైనా గ్రాఫ్ చూపిస్తే, నాకు మాత్రం ఆ సంచులే కనిపిస్తున్నాయి... చప్పట్లు కొట్టబుద్ధి కావట్లేదు.