వాన కోరని ఊరు

అనంతపురం సీమలో పుట్టి పెరిగిన మాకు వాన అనగానే అల్లాహ్ కారుణ్యమే స్ఫురిస్తుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం పడే ఆ నేలపై కార్తెలు దాటినా మబ్బు కానరాకపోతే, పెద్దలు ఈద్గాలో ఇస్తిస్కా నమాజు చదివి, పైబట్ట తిరగవేసుకొని వానకోసం దువా చేసేవారు. బాల్యంలో వారి వెనుక వరుసలో నిలిచినవారమే మేము.

అటువంటి మేము ముగ్గురు అధ్యాపకులము 2018 జూన్‌లో లదాఖ్‌లోని లేహ్ పట్టణానికి వెళ్ళాము. సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తు. గాలి పలుచన, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఎండలో నిలిస్తే చర్మం మండుతుంది, నీడకు జరిగితే శాలువ కావాలి. శీతకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 20 డిగ్రీల దాకా పడిపోవడమూ కద్దు. ఋతుపవన మేఘాలను హిమాలయాలు దక్షిణపు వాలులలోనే అడ్డగిస్తాయి గనుక, ఇక్కడ వానా మంచూ కలిపి ఏడాదికి 100 మిల్లీమీటర్లకు అటూ ఇటుగానే ఉంటుంది. అయినా పట్టణం చుట్టూ బార్లీ చేలు పచ్చగా ఉన్నాయి. కొండలపై పేరుకున్న మంచు వేసవిలో కరగి, కాలువలై వాటిని తడుపుతున్నది.

ఒక సాయంత్రం కొండలపై మబ్బు పట్టింది. "ఒక్క వాన కురిస్తే బాగుండును, చాచా!" అన్నాము అలవాటుగా. మాకు బస ఇచ్చిన వృద్ధుని ముఖం వాడిపోయింది.

"అలా అనకండి, ప్రొఫెసర్ సాహెబ్. మాకు మంచు కావాలి, వాన కాదు" అంటూ ఇంటి కప్పు చూపించారు. పోప్లార్ దూలాలు, విల్లో కొమ్మలు, ఆపైన మట్టి. 2010 ఆగస్టు 5వ తేదీ రాత్రి కురిసిన కుంభవృష్టికి కొండలనుండి బురద విరుచుకుపడి, లేహ్ పరిసరాలలో 200 మందికి పైగా మరణించారు. వారిలో ఆయన తమ్ముడు ఒకడు.

"ఇప్పుడు చలికాలంలో మంచు తగ్గుతున్నది. విత్తే వేళకు కాలువలో నీళ్ళుండవు" అన్నారాయన. ఆ కొరత తీర్చుటకే చెవాంగ్ నోర్ఫెల్ అనే ఇంజనీరు, శీతకాలంలో వృథాగా పోయే వాగునీటిని నీడవాలులలో నిలిపి గడ్డకట్టించి, కృత్రిమ హిమానీనదాలను నిర్మించారు. 2015లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

మరునాడు శుక్రవారం. లేహ్ బజారులోని మసీదులో ఆ వృద్ధుని ప్రక్కనే నిలిచి జుమా నమాజు చేశాము. చేతులెత్తినప్పుడు, చిన్ననాటినుండి పెదవులకు అలవాటైన వాన మాట రాబోయి ఆగింది. వీరి కొండలకు మంచు నియ్యమని ముందుగా వేడుకొన్నాము. మా మెట్టచేలకు వాన నియ్యమని ఆ తరువాత.