కరెంటు పోయిందా, సాంచా చెడిందా?

సూరత్‌లో లింబాయత్ వైపు వెళితే గుజరాత్‌లో ఉన్నామన్న సంగతి కాసేపు గుర్తుండదు. తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీల ఇళ్లు, తెలుగు మాటలు, సాంచాల (మరమగ్గాల) మోత. ఆ మోత ఉన్నట్టుండి ఆగితే ఎవరైనా అడిగేది ఒకటే: కరెంటు పోయిందా, సాంచా చెడిందా? చైతన్యం గురించి తత్వవేత్తల తగాదా కూడా దాదాపు ఇదే. మెదడు దాన్ని పుట్టిస్తుందా, ఎక్కడినుంచో వచ్చేదాన్ని అందుకుంటుందా?

రెండోది స్వాముల మాటని కొట్టిపారేయలేం. మెదడు దెబ్బతింటే తెలివి పోతుంది కాబట్టి మెదడే తెలివిని పుట్టించిందనడం రుజువు కాదని విలియం జేమ్స్ 1898లోనే అచ్చులో పెట్టాడు. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్ర విభాగం నెలకొల్పిన కోనేరు రామకృష్ణారావు చైతన్యం వేరు, మనసు వేరన్నారు. మెదడుకూ చైతన్యానికీ నడుమ ఉండేదే మనసని ఆయన వాదం.

తర్కంలో తప్పు లేదు. కానీ కరెంటుకు చీర డిజైను తెలియదు, అది సాంచాలోనే ఉంటుంది. పక్షవాతం వచ్చిన బహుభాషుల్లో ఒక భాష పోయి ఇంకొకటి మిగలడం గురించి ఫ్రెంచి వైద్యుడు పీత్ర్ 1895లోనే రాశాడు. ఇంట్లో తెలుగు, బజార్లో గుజరాతీ, కార్ఖానాలో హిందీ మాట్లాడే మనిషికి రేపు తెలుగొక్కటే మిగిలితే, పోయిన గుజరాతీ మెదడులో ఉన్నట్టే కదా? భాషలు, ముఖాలు, జ్ఞాపకాలు అన్నీ ఇటు మెదడులోనే ఉంటే, అటునుంచి వచ్చేది ఉత్త ఎరుక. అద్వైతికి అది చాలు. మా అమ్మమ్మ పోయాక, గొంతు లేని, కోపం లేని ఆమె ఎరుకతో నేనేం చేసుకోను?

సూరత్‌లో ఈ తగాదా ఐసీయూ వరండా దాకా వస్తుంది. అవయవదానానికి పేరున్న ఊరిది. డొనేట్ లైఫ్ సంస్థ ఇక్కడిదే, ఇక్కడి గుండెలు ముంబై, అహ్మదాబాద్‌లలో కొట్టుకుంటున్నాయి. 1994 చట్టం ప్రకారం బ్రెయిన్ స్టెమ్ పని శాశ్వతంగా ఆగితే మనిషి పోయినట్టే. నలుగురు వైద్యుల బృందం ధ్రువీకరించాలి, పరీక్షలు కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు జరగాలి. అన్నీ అయ్యాక కూడా వెంటిలేటర్ మీద ఛాతీ కదులుతుంటుంది, ఒళ్లు వెచ్చగా ఉంటుంది. గుండె కరెంటు గుండెకే ఉంది మరి! "కొట్టుకుంటుంటే పోయాడంటారేంది సారూ?" అని ఇంటివాళ్లు అడిగితే అది అజ్ఞానం కాదు.

పుట్టించేది ఆగిందా, అందుకునేది ఆగిందా అని చట్టం అడగదు. ఎటు చూసినా అవయవదానానికి సంతకం పెట్టడానికి అడ్డు లేదు. అయినా ఆత్మ వెళ్లిపోయిందని నమ్మే తల్లి, మెదడు తప్ప ఇంకేమీ లేదనుకునే తమ్ముడికంటే ముందే సరేననవచ్చు. తమ్ముడు ఇంకో డాక్టరుకు చూపిద్దామంటాడు. అతడి లెక్కలో ఆ మంచం మీద తప్ప అన్న ఇంకెక్కడా లేడు.