ఒక్కపొద్దు గంజి

రంజాన్ నెలొస్తే పేపర్లనిండా హలీమే. 2010లో హైదరాబాద్ హలీంకి జి.ఐ. గుర్తింపు వచ్చాక మరీను. గోధుమల్నీ మాంసాన్నీ భట్టీ మీద గంటలకొద్దీ ఉడికించి, పొడవాటి కర్రల్తో మెదిపే ఆ చేతులకు సలాం. కానీ మా గుంటూరు జిల్లా పల్లెలో దాని పేరే ఎరగం. దూదేకులోళ్ళం. మా అమ్మ 'రోజా' అనేది కాదు, 'ఒక్కపొద్దు' అనేది.

1994లో రంజాన్ ఫిబ్రవరిలో వచ్చింది. మిరపకోతల కాలం. తెల్లారకముందే గోంగూర పచ్చడితో నాలుగు ముద్దలు మింగి కూలికి పోయేది. ఆ ఘాటుకి గొంతెండినా చుక్క నీళ్ళు ముట్టేది కాదు. పొద్దుగూకాక మసీదు నుంచి నేను క్యారేజీలో తెచ్చే గంజే మా ఇఫ్తార్. నూక, పెసరపప్పు, అల్లం, పుదీనా, అంతే. సంతలో ఖర్జూరాలు చూసి ముందుకు నడిచేవాళ్ళం. పండగ సేమ్యాకి మాత్రం ఎక్కడో అప్పు పుట్టాలి.

హైదరాబాదొచ్చి అద్దెకి అడిగితే 'మీరు మాంసం వండుతారుగా' అన్నాడో ఇంటాయన. రంజాన్‌లో హలీం లైన్లో ఆయనే నా ముందున్నాడు! భట్టీ దగ్గరి పెద్దాయనేమో నా తెలుగు విని, 'ముసల్మానువేనా?' అని ఉర్దూలో అడిగాడు. అక్కడే కలిమా చదివి చూపించాలా? గిన్నె అందుకుని 'దూదేకుల' అన్నాను. ఆయనకర్థం కాలేదు. ఇంటాయన మాత్రం వెనక్కి తిరిగి చూశాడు.