మందెక్కడిది?

జనగామ చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు భర్మారు అనే మాట బడికి పోకముందే చెవిన పడుతుంది. కడవెండి, విసునూరు, పాలకుర్తి, ధర్మాపురం తండా, ఏ ఊరి ముచ్చట ఎత్తినా వడిసెల, గుతప, భర్మారు వెంటవెంటనే వస్తాయి. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు దించి, కడ్డీతో కూరి పేల్చే పాతకాలపు తుపాకి అది. 1946 జులై 4న కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య నేలకొరిగిననాడు ఊరేగింపులో ఉన్నవాళ్ల చేతుల్లో కర్రలు, వడిసెలలే. ఏడాది దాటాక, 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. అక్కడి నుంచి కథల నిండా తుపాకులే. వినేవాళ్లం కూడా వాటి వెంటే పోతాం. ఏ గడి మీద పడి తెచ్చారు, ఎవరి భుజాన ఉండేది, ఎక్కడ పేలింది, ఇవే అడుగుతాం.

నన్ను ఇంకో ప్రశ్న దిక్కు తిప్పింది దేవరుప్పుల దగ్గరి ఒక పెద్దాయన. పోరాటం రోజుల్లో దళాలకు సద్దిమూటలు చేరవేసిన పిలగాడు ఆయన. నేను తుపాకుల గురించి గుచ్చి గుచ్చి అడుగుతుంటే మధ్యలోనే ఆపాడు. "తుపాకి ఎవడన్న ఇస్తడు బిడ్డా. మందెవడిస్తడు? పొయ్యి ఉంటె బువ్వయితదా?" అని లేచి లోపలికి పోయి, దూలానికి వేలాడుతున్న ఎద్దుకొమ్ము ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు.

మందు పోసుకునే కొమ్ము అది. లోపలంతా నున్నగా తొలిచి ఉంది. వెడల్పు వైపు చెక్కబిళ్ల పెట్టి లక్కతో మూశారు. మొన దగ్గర చిన్న బెజ్జం, దానికి కట్టె బిరడా, భుజానికి తగిలించుకోవడానికి తోలు తాడు. చేయి పట్టే చోట కొమ్ము గాజులా మెరుస్తోంది. బిరడా తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా గంధకం వాసన సన్నగా తగిలింది. ఆయన దాన్ని తిరిగి తీసుకుని, మొనను అరచేతి మీదికి వంచి, ఒక్క దెబ్బకు సరిపడా మందు ఎంతో ఖాళీ చేత్తోనే చూపించాడు. గుప్పెట్లో ఎక్కడిదాకా రావాలో ఆ వేళ్లకు గుర్తుంది.

అప్పటి నుంచి తుపాకి కనబడిన ప్రతి కథలో మందెక్కడిదని అడగడం నాకు అలవాటైంది. ఆ ఒక్క ప్రశ్నతో నాకు తెలిసిన చరిత్ర చాలామటుకు వేరే రూపంలో కనిపించింది.

తుపాకిమందులో ఉండేవి మూడే సరుకులు: పెట్లుప్పు, గంధకం, బొగ్గు. బొగ్గుకు పల్లెలో ఏనాడూ కరువు లేదు. జిల్లేడు, కందికట్టె లాంటి తేలికపాటి కట్టె బొగ్గుకు మందు చేసేవాళ్లలో మంచి పేరు. గంధకం మన నేలలో పుట్టదు, సముద్రం దాటి రావాలి. అయినా గజ్జికి నూనెలో కలిపి రాసుకునే మందు కాబట్టి అంగట్లో దొరికేది, అడిగినవాణ్ని ఎవరూ అనుమానించేవారు కాదు. అసలు సరుకు పెట్లుప్పు. సురేకారం అన్నా అదే. మందులో పెద్దపాలు దానిదే. ఏళ్ల తరబడి పశువుల పేడ, మూత్రం ఇంకిన మట్టిలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. ఎండాకాలం పాత మట్టిగోడల అడుగున తెల్లగా పొక్కేది చాలాచోట్ల ఇదే. కంసాలి కొలిమి దగ్గర, నాటువైద్యుడి సంచిలో కూడా ఇది ఉండేది. ఇక గుండ్లకు సీసం కావాలి. చేపల వలకు బరువుగా కట్టేది కూడా అదే.

అంటే భర్మారు ఆకలిలో చాలా భాగం ఊరే తీర్చేది. కొట్టం మట్టి, చెలక కట్టె, అంగడి గంధకం, వల సీసం. పోలీసుల దగ్గర గుంజుకున్న 303 రైఫిల్ దీనికన్నా వెయ్యి రెట్లు మేలైన ఆయుధం, సందేహం లేదు. కానీ దాని తూటా ఏ కొట్టంలోనూ పుట్టదు. ఉన్న తూటాలు అయిపోతే అది ఇనుప కర్రతో సమానం. దళాలు రైఫిళ్ల కోసం ప్రాణాలకు తెగించాయి, నిజమే. అయినా ఊరి కాపలాకు నిలబడినవాడి చేతిలో చివరిదాకా భర్మారే ఎందుకుందో ఈ సరుకుల లెక్క తెలిస్తే గానీ అర్థం కాదు.

మన్యంలో అల్లూరి సీతారామరాజు మొదటి అడుగు ఎటు వేశాడో చూసినా ఇదే తేలుతుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి 26 తుపాకులు, వాటితో పాటు 2,500కు పైగా తూటాలు తీసుకుపోయారు. బడిపుస్తకంలో చదివినప్పుడు నాకు 26 అనే అంకె పెద్దదిగా కనబడింది. ఇప్పుడు రెండో అంకె దగ్గరే ఆగుతాను. తుపాకికి వంద తూటాలు కూడా రావు. ఆ వంద లోపలే ఒక తిరుగుబాటు ఎన్నాళ్లు నడవాలో ఎవరో ఒకరు రోజూ లెక్క వేసుకునే ఉంటారు.

ఈ లెక్క మనకే కాదు. 1775లో బోస్టన్ నగరాన్ని ముట్టడించిన అమెరికా సేనకు జార్జ్ వాషింగ్టన్ నాయకుడిగా వచ్చాడు. ఆగస్టులో మందు నిల్వ చూపించమంటే మనిషికి తొమ్మిది దెబ్బలకు సరిపడా కూడా లేదని తేలింది. ఎదుటివాడికి ఆ సంగతి తెలిస్తే అమెరికా అనే దేశం ఆ నెలలోనే ముగిసేదేమో. తర్వాత వాళ్లకు మందులో ఎక్కువ భాగం ఫ్రాన్స్ వైపు నుంచి ఓడల్లో వచ్చింది. ఆ ఫ్రాన్స్ కూడా విప్లవం రోజుల్లో శత్రువులు చుట్టుముడితే, 1793, 94లలో పారిస్ పౌరులను ఇళ్ల నేలమాళిగల గోడలు గీకి పెట్లుప్పు తెచ్చిమ్మని పిలిచింది. ఇంగ్లండుకు మాత్రం ఆ అవస్థ లేదు. ఈస్టిండియా కంపెనీ బీహార్ నుంచి పెట్లుప్పును ఓడల కొద్దీ తరలించుకుపోయింది. మన పశువుల కొట్టాల మట్టిలోంచి తీసిన ఉప్పుతో వాళ్లు ప్రపంచమంతా యుద్ధాలు చేశారు. ఈ సంగతి మన పిల్లలకు ప్లాసీ యుద్ధం తారీఖు కన్నా ముందు చెప్పాలని నేను గట్టిగా అనుకుంటాను.

మళ్లీ భర్మారు దగ్గరికి వస్తే, ఊరు ఇవ్వలేనిది ఒకటుంది. టోపీ. తుపాకి గుర్రం, అంటే సుత్తి, మీద పడినప్పుడు నిప్పురవ్వ ఇచ్చే చిన్న రాగి మూత. చెకుముకి రాయితోనో, వెలిగించిన వత్తితోనో పేల్చే పాత తుపాకులకు దాని అవసరం లేదు. పందొమ్మిదో శతాబ్దంలో టోపీ వచ్చాక తుపాకి వానకు కొంత తట్టుకుంది గానీ, దాని పీక ఫ్యాక్టరీ చేతికి పోయింది. కొమ్ము నిండా మందున్నా టోపీ లేకపోతే పేలదు. గోరంత రాగి ముక్క. తెచ్చే మనిషి, దాచే డబ్బా, తడవకుండా చుట్టే మైనపు గుడ్డ, అన్నీ దాని చుట్టూనే తిరిగేవి. పెద్దాయన టోపీల గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు, ఇప్పటికీ ఎవరో వింటారన్నట్టు.

మందు దొరికినంత మాత్రాన పని అయిపోదు. ఊళ్లో తీసిన ముతక పెట్లుప్పులో మామూలు ఉప్పు కలిసి ఉంటుంది, వానకాలం చెమ్మ పట్టేస్తుంది. పేల్చిన ప్రతిసారీ తెల్లటి పొగ లేచి, కాల్చినవాడు ఎక్కడున్నాడో చాటుతుంది. గొట్టంలో మిగిలిన మసి తేమ పీల్చుకుని ఇనుమును తినేస్తుంది, కాబట్టి వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. ఒక దెబ్బ పేల్చి మళ్లీ మందు పోసి, కూరి, గుండు దించి, మళ్లీ కూరి, టోపీ పెట్టేలోపు రైఫిల్ వాడు పదిసార్లు కాల్చగలడు.

బైరాన్‌పల్లిలో జరిగింది ఇదే. అప్పట్లో జనగామ తాలూకా ఊరు, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. ఊరి నడుమ బురుజు, దాని మీద కాపలా, చేతుల్లో భర్మార్లు, వడిసెలలు. నిజాం పక్షాన ఊళ్ల మీద పడే రజాకార్ల దాడులను ఆ ఊరు ముందు తిప్పికొట్టింది. వడిసెలల ఊరు తుపాకుల మూకను వెనక్కి పంపడం చిన్న సంగతి కాదు. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున ఈసారి రజాకార్ల వెనక నిజాం బలగాలు, ఫిరంగి ఉన్నాయి. కొట్టం మట్టిలో పుట్టిన మందు ఫిరంగికి ఎదురు నిలవలేదు. బురుజు మీదివాళ్లు పోయాక ఊరివాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు. భారత సైన్యం నిజాం రాజ్యంలోకి అడుగుపెట్టింది సెప్టెంబర్ 13న, పదిహేడు రోజుల తర్వాత. ఆ బురుజు ఇప్పటికీ ఉంది. వెళ్లినవాళ్లు ఫొటో తీసుకుని వస్తారు. నేనైతే పైన నిలబడినవాళ్లు ఆ రాత్రి కొమ్ముల్లో మిగిలిన మందును ఎన్నిసార్లు చూసుకుని ఉంటారో అనుకుంటూ దాని చుట్టూ తిరిగాను.

1951 అక్టోబర్ 21న పోరాటం విరమించారు. భర్మారు మాత్రం అడవి అంచు ఊళ్లలో ఉండిపోయింది, ఈసారి పంట కాపలాకు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లోనే పంటను కాపాడుకునే రైతుకు ఈ తరహా తుపాకి లైసెన్సు గురించి ప్రత్యేకంగా రాశారు. అది చాలదని అధికారికి అనిపిస్తేనే ఇంకోటి. రైతు తుపాకి అంటే చట్టం దృష్టిలో భర్మారే. కానీ మందు ఇంట్లో నూరుకోవడానికి వీల్లేదు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం నుంచీ అది లైసెన్సు పనే, అలా ఉండటమే మంచిది. మందు నూరుతూ వేళ్లు, చూపు పోగొట్టుకున్నవాళ్లు ఒకప్పుడు ఊరూరా ఉండేవారు. కాబట్టి లైసెన్సున్న దుకాణం దాకా పోవాలి, కాగితం చూపాలి, ధర పెట్టాలి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు తుపాకిని ఠాణాలో అప్పజెప్పమని అడగవచ్చు. పైగా తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన పంట మీద పడే అడవి పందిని కొట్టడానికి వీల్లేదు. 1972 వన్యప్రాణి చట్టం కింద దానికి అనుమతి వేరే.

మహబూబాబాద్ జిల్లాలో గంగారం, కొత్తగూడ వైపు, భూపాలపల్లి జిల్లాలో కాటారం, మహాముత్తారం, పలిమెల వైపు మక్కజొన్న వేసిన రైతుకు రాత్రంటే అడవి పందులే. ఒక్క గుంపు ఒక్క రాత్రిలో మడి మడంతా తొక్కి పారేస్తుంది. మంచె మీద నిద్ర కాచుకుని, డబ్బా మోగించి, పటాకులు కాల్చి ఎన్ని రాత్రులు నెట్టుకొస్తాడు? తుపాకి అందుబాటులో లేదు, ఉన్నా మందు దొరకదు. అప్పుడు చేను చుట్టూ సన్నని తీగ కట్టి కరెంటు తగిలిస్తున్నారు. పెద్దాయన ప్రశ్న ఇక్కడ వేసి చూస్తే జవాబు భయపెడుతుంది. తీగకు కావలసిన మందు చేను పక్కన స్తంభం మీదే ఉంది. పైసా పెట్టక్కర్లేదు, దుకాణానికి పోనక్కర్లేదు, టోపీ వెతకనక్కర్లేదు. చెమ్మ పట్టదు, అయిపోదు.

భర్మారు వెనక ఒక మనిషి ఉంటాడు. ఎదుట ఉన్నది పందా, పక్కింటి రైతా అని చూసుకునే కళ్లుంటాయి. తీగకు కళ్లు లేవు. 2024 ఫిబ్రవరిలో కాటారం మండలం అడవిలో, జంతువుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ప్రాణం పోయింది. అది పెద్ద వార్త అయింది. తెల్లారి నీళ్లు కట్టడానికి పోయి తన తీగకే బలైన రైతు, ఎద్దుతో సహా పోయిన పాలేరు జిల్లా పేజీలో నాలుగు లైన్లతో సరి.

తీగ పెట్టే రైతులను నేరస్థులుగా మాత్రమే చూసి కేసులు పెడితే తీగలు ఆగవు. మనుషులు చేతికి అందినదానితో పోరాడతారు, దాన్నే ఆయుధంగా ఎంచుకుంటారు. చేతికి అందేది మారాలి. సోలార్ కంచెలో కరెంటు ఆగి ఆగి ఒక్క క్షణం కొడుతుంది. జంతువు బెదిరి పారిపోతుంది, చావదు, మనిషీ చావడు. రెండెకరాల రైతు ఒక్కడే పెట్టుకోలేడు, ఖర్చు ఎక్కువ. పక్కపక్కనే ఉన్న రైతుల పొలాలన్నిటికీ కలిపి ఒకే చుట్టు వేస్తే ఒక్కొక్కరి వంతు బాగా దిగుతుంది. డ్రిప్పుకు సబ్సిడీ ఇచ్చినట్టు దీనికీ ఇవ్వాలి, అదీ అడవి అంచు మండలాలకు ముందు ఇవ్వాలి. మక్క కంకి పాలు పట్టే వేళకు కాదు, విత్తనం సంచులతో పాటే కంచె సామాను ఊళ్లోకి దిగాలి.