ఒక్క బంగారం ముందు ఆరు పతకాలు

పారిస్ ఒలింపిక్స్ అయ్యాక రావికమతంలో టీ తాగుతూ పేపరు తిరగేసినవాళ్లకి ఒళ్లు మండే ఉంటుంది. మనకి ఆరు పతకాలు, స్థానం 71. పాకిస్తాన్‌కి ఒకే ఒక్కటి, స్థానం 62. ఇదేం లెక్కండీ బాబూ అంటే, బంగారం లెక్క. వాళ్లది స్వర్ణం, మనవి ఒక రజతం, అయిదు కాంస్యాలు. ముందు స్వర్ణాలు చూస్తారు, అవి సమానమైతేనే రజతాలు, అవీ సమానమైతేనే కాంస్యాలు. మీరు వంద రజతాలు మోసుకొచ్చినా ఒక్క స్వర్ణం కిందే.

పోనీ, ఇది ఒలింపిక్ కమిటీ పెట్టిన రూలా? పోటీ ఆటగాళ్ల మధ్యేగానీ దేశాల మధ్య కాదని వాళ్ల చార్టరే అంటుంది. పట్టిక పిచ్చి పేపర్లది, మనది. అందుకే ఎవరి వాటం వారిది. 2008 బీజింగ్‌లో అప్పటి లెక్కన చైనాకి 51 స్వర్ణాలు, అమెరికాకి 36. అమెరికా పత్రికలేమో మొత్తం పతకాలు కూడి, 110కి 100 అని తమ దేశాన్నే పైన కూర్చోబెట్టాయి.

మన బళ్లల్లో ఆటల పోటీలు పెడితే డ్రిల్లు మేస్టారు ఏం చేస్తారు? మొదటికి 5, రెండుకి 3, మూడుకి 1 వేసి, కూడి ఛాంపియన్‌షిప్ ఇస్తారు. అలా చూస్తే పారిస్‌లో మనకి 8, పాకిస్తాన్‌కి 5. నా ఓటు దీనికే. మనం పైకొస్తామని కాదు సుమండీ (అదీ కొంత ఉందనుకోండి). మన సిక్కోలు అమ్మాయి కరణం మల్లీశ్వరిని తలుచుకోండి. 2000లో సిడ్నీలో, 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తింది. ముందున్న ఇద్దరూ ఎత్తింది చెరో 242.5. ఆ ఇద్దరిలో ఒంటి బరువు తక్కువని చైనా అమ్మాయికి స్వర్ణం ఇచ్చారు. అంటే స్వర్ణానికీ మన కాంస్యానికీ తేడా రెండున్నర కిలోలు. పట్టికలో మాత్రం ఆ కాంస్యం ఎక్కడో అట్టడుగున!

జనాభాతో భాగించమనేవాళ్లూ ఉన్నారు. పారిస్ జావెలిన్‌లో పాకిస్తాన్ నదీమ్ 92.97 మీటర్లు, మన నీరజ్ 89.45, గ్రెనడా కుర్రాడు పీటర్స్ 88.54. గ్రెనడా జనం లక్ష పైచిలుకు. మన రావికమతం, మాడుగుల, చోడవరం మండలాలు కలిస్తే అంతకంటే ఎక్కువే ఉంటాం. వాళ్లకి పారిస్‌లో రెండు కాంస్యాలు! భాగిస్తే వాళ్లు ఆకాశంలో, 140 కోట్ల మనం పాతాళంలో. వినడానికి బాగానే ఉంది గానీ, జావెలిన్‌కి ఏ దేశమైనా ముగ్గురికి మించి పంపకూడదు. 140 కోట్లకీ ముగ్గురే, లక్షకీ ముగ్గురే. పంపేటప్పుడు అందరికీ ఒకే కొలత పెట్టి, పతకాలొచ్చాక తలలు లెక్కపెడతామంటే ఎలాగండీ?

జట్ల సంగతి ఇంకా చిక్కు. 1928 నుంచి 1980 దాకా మన హాకీ జట్లు తరాల తరబడి కూడబెట్టిన స్వర్ణాలు ఎనిమిది. బీజింగ్‌లో అమెరికా ఈతగాడు ఫెల్ప్స్, రిలేలతో కలిపి, ఒక్క ఒలింపిక్స్‌లోనే ఎనిమిది పట్టుకుపోయాడు. మేస్టారి 5-3-1 కూడా దీనికి చాలదు. మీ దగ్గరేమైనా ఉపాయముంటే చెప్పండి, వింటాను.